పాత కెమెరాకు క్రొత్త తోలు

హైదరాబాదులోని అబిడ్స్‌కు ఆ పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులోని ఆల్బర్ట్ అబిడ్ నడపిన అంగడివలన వచ్చినది. అచట ఆదివారములందు కాలిబాటలపై పాత పుస్తకముల సంత సాగును. ఆ గుట్టలలోని రెక్సిను అట్టనొకదానిని చేతితో తడవి చూడుడు. తోలువలె గరుకు పోసిన అటువంటి గుడ్డయే ఒకప్పటి పెట్టె కెమెరాలకును చర్మమైనది.

మొదట పెద్ద కెమెరాలకు ఇట్టి తొడుగు సాధారణముగా లేదు. మహబూబ్ అలీఖానుకు ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాదున స్టూడియో తెరచిన కాలమున అవి మెరుగుపెట్టిన కొయ్యతోనే తయారగుచుండెను. ఉష్ణదేశములకై టేకుతో చేసి, అతుకులను ఇత్తడితో బిగించిన రకములును ఉండెను. తేమకు జిగురు విడిపోవునని నిర్మాతలెరుగుదురు.

1888లో వచ్చిన కొడక్ కెమెరా కొయ్యపెట్టెపై నల్లని తోలు అంటించిరి. 1900లో ఒక్క డాలరుకు అమ్మిన బ్రౌనీ వట్టి అట్టపెట్టె, దానిపై కృత్రిమచర్మము. ఇది కొంత వేషమే, కాదనలేము. కాని అతుకులను కప్పి, చేతికి పట్టు నిచ్చినదియు అదియే. 1925లో వెలువడిన లైకా లోహపు దేహముపై వల్కనైటు, అనగా గంధకము విస్తారముగ కలిపి గట్టిపరచిన రబ్బరు, తొడుగైనది.

పెక్కు కెమెరాలలో ఈ తొడుగు క్రిందనే మరలు దాగియుండును. లోపలి యంత్రమును బాగుచేయవలెనన్న ముందుగా చర్మము నొలువక తప్పదు. కత్తితో తొందరపడి పెరికినచో పాత తోలు తునుకలగును. వల్కనైటు వయస్సు మీరినకొలది పెళుసెక్కి, పెంకులుగా రాలును. దానిని తిరిగి అతికించుట వృథాప్రయాస. తోలు క్రింది ఇత్తడి రివిట్లకు తోలులోని క్రొవ్వు తగిలి పచ్చని చిలుము పుట్టి, పైకి బుడిపెలుగా లేచును. ఇది జర్మనీవారి జైస్ కెమెరాలలో ప్రసిద్ధమైన జబ్బు.

1938లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు మారిన నుమాయిష్‌కు మెడలో కెమెరాతో వెళ్ళినవారి యిండ్లలో ఇట్టివి నేటికిని బీరువాలలో ఉండవచ్చును. తొడుగు మార్చువారు మొదట పాతదాని ఆకారమును కాగితముపై గీసికొనవలెను. కటకము చుట్టునుండు రంధ్రము వెండ్రుకవాసి తప్పినను అంచు బయటపడును. క్రొత్త తోలు దళసరిగా నున్నచో మీటలు ఆడవు. కనుక వెనుకవైపు చెక్కి పలుచన చేయుదురు.

జిగురు సంగతి మరింత ముఖ్యము. రబ్బరు జిగురు త్వరగా అంటును, కాని మరల విప్పునాడు జిడ్డై బాధించును. లక్కను స్పిరిటులో కరగించి పూయుట మేలు. అదే స్పిరిటుతో తడిపిన మరల వదలును. లక్కపురుగుల నుండి లభించు ఈ పదార్థము మన దేశపు అడవుల పంటయే. స్పిరిటు కెమెరా రంగును సైతము కరగింపవచ్చును గాన సన్నని కుంచెతో, చుక్కచుక్కగా వాడవలెను.

కొన్ని కెమెరాలపై పేరు తోలుమీదనే అచ్చొత్తబడియుండును. అట్టి ముక్క ఎంత చిరిగినను పారవేయక, కాగితపు మడతలో పెట్టి కెమెరాతోనే ఉంచుట మంచిది.