గడ్డ చిన్నదే, ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నారు? లివర్ క్యాన్సర్, పోర్టల్ హైపర్‌టెన్షన్ గురించి తెలుసుకోవాల్సినవి

స్కానింగ్‌లో లివర్ మీద 3 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. క్యాన్సరే అని తేలింది. ఇంట్లో వాళ్లందరూ అడిగేది ఒకటే మాట: 'చిన్న గడ్డే కదా, కోసి తీసేస్తే పోతుంది కదా?' డాక్టర్ మాత్రం గడ్డ సంగతి పక్కనపెట్టి ఎండోస్కోపీ చేయించండి, ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి అంటారు. చాలామందికి ఇక్కడే అనుమానం మొదలవుతుంది. డాక్టర్ టైం పాస్ చేస్తున్నాడని ఆస్పత్రి మార్చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ టెస్టులకు గట్టి కారణమే ఉంది.

మన ఇళ్లలో జిగర్ అని పిలిచే కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ధమని. రెండోది పేగులు, ప్లీహం (ఉర్దూలో తిల్లీ) నుంచి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిర. కాలేయానికి చేరే రక్తంలో సుమారు 75 శాతం ఈ సిర ద్వారానే వస్తుంది. హెపటైటిస్ బి, సి, మద్యం, షుగర్‌తో కలిసొచ్చే ఫ్యాటీ లివర్ వల్ల ఏళ్ల తరబడి దెబ్బతిన్న కాలేయం గట్టిపడిపోతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. 'మా అబ్బా జీవితంలో మందు ముట్టలేదు, ఆయనకెలా వచ్చింది' అని అడుగుతుంటారు. మందు ముట్టకున్నా వస్తుంది.

గట్టిపడిన కాలేయంలోంచి రక్తం సాఫీగా పోదు. వెనక సిరలో ఒత్తిడి పెరుగుతుంది. అదే పోర్టల్ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ కట్టి చూసే బీపీకి దీనికి సంబంధం లేదు. చేతి బీపీ తక్కువగా ఉన్నవాళ్లకు కూడా ఇది ఉండొచ్చు. దారి దొరకని రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి, అవి పగిలితే రక్తపు వాంతులు. తిల్లీ పెద్దదై ప్లేట్‌లెట్లను పట్టి ఉంచేస్తుంది. కడుపులో నీరు చేరుతుంది.

ఈ ఒత్తిడిని కొలిచే పద్ధతి ఉంది. మెడ దగ్గరి సిర నుంచి సన్నటి గొట్టం కాలేయం దాకా పంపి చూస్తారు. 1 నుంచి 5 వరకు మామూలు. 10 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఈ టెస్టు అన్నిచోట్లా చేయరు. ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలు కనబడినా, తిల్లీ పెద్దదై ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా ఒత్తిడి ఎక్కువుందనే లెక్క. టెస్టులు రాయడం వెనక సంగతి ఇదే.

మరి కోస్తే ఏమవుతుంది? కామర్స్ చదివిన నాకైతే ఇది మిగులు లెక్కలా అర్థమైంది. ఎంత తీశారన్నది కాదు, మిగిలింది ఇల్లు నడపడానికి సరిపోతుందా అన్నది చూడాలి. ఆరోగ్యమైన కాలేయంలో నాలుగో వంతు మిగిలినా మనిషి కోలుకుంటాడు, అది మళ్లీ పెరుగుతుంది. సిర్రోసిస్ ఉంటే కనీసం 40 శాతమైనా మిగలాలని చూస్తారు. పైగా కోసిన తర్వాత పేగుల నుంచి వచ్చే రక్తమంతా ఆ మిగిలిన ముక్కలోంచే పోవాలి. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గడ్డ పోతుంది గానీ నీరు తగ్గదు, కామెర్లు తగ్గవు, కొందరిలో కాలేయం పూర్తిగా చేతులెత్తేస్తుంది.

1996లో బార్సిలోనా డాక్టర్లు ఈ సంగతిని చూపించారు. ఆపరేషన్‌కు ముందు ఒత్తిడి 10 దాటినవాళ్లకే 3 నెలలైనా తగ్గని ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. దాంతో యూరప్, అమెరికాల్లో ఇలాంటివాళ్లకు కోత వద్దనే మాట స్థిరపడింది. జపాన్ సర్జన్లు ఒప్పుకోలేదు. 2008లో టోక్యో బృందం, జాగ్రత్తగా ఎంచుకుంటే ఒత్తిడి ఉన్నవాళ్లకూ ఆపరేషన్ చేయొచ్చని రాసింది. ఇప్పుడు ఒక్క అంకె చూసి వద్దనడం తగ్గింది. కాలేయం పనితీరు, ఎంత భాగం తీయాలి, ఒత్తిడి ఎంత, ఈ మూడూ కలిపి చూస్తారు. చైల్డ్-ప్యూ లెక్కలో 'ఎ' గ్రేడులో ఉండి, గడ్డ అంచున ఉండి, చిన్న ముక్క తీస్తే సరిపోయేవాళ్లకు లాప్రోస్కోపీ ద్వారా చేస్తున్నారు. పెద్ద కోత లేకపోతే కడుపు గోడలోని పక్కదారి సిరలు తెగవు, తర్వాత నీరు చేరడం కూడా తక్కువ. ఉబ్బిన సిరలుంటే ముందే బ్యాండ్లు వేయడమో, ప్రొప్రనోలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు ఇవ్వడమో చేస్తారు.

కోత కుదరకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డను సూదితో కాల్చేయొచ్చు. పెద్దవాటికి ధమని ద్వారా మందు పంపి రక్తం ఆపుతారు. ఈ క్యాన్సర్ ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది కాబట్టి అది పనిచేస్తుంది.

గడ్డ, గట్టిపడిన కాలేయం, ఒత్తిడి మూడూ ఒకేసారి పోయేది మార్పిడితోనే. 1996లో మిలాన్ డాక్టర్లు దీనికి కొలత చెప్పారు: 5 సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ, లేదా 3 సెంటీమీటర్ల లోపు మూడు వరకు. అలా ఎంచుకున్నవాళ్లలో 75 శాతం మంది నాలుగేళ్ల తర్వాత కూడా బతికున్నారు.

దాత విషయంలో మన కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. చట్టం దగ్గరి బంధువులుగా లెక్కించేది భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాత, నానమ్మ, అమ్మమ్మ, మనవలను మాత్రమే. చాచా కొడుకో, మామూ కొడుకో ఇస్తానంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి, దానికి టైం పడుతుంది. షరియత్ సంగతి అడిగేవాళ్లకు: ఓఐసీకి చెందిన ఫిఖ్ అకాడమీ 1988లో జిద్దాలో షరతులతో అవయవ మార్పిడికి అనుమతిచ్చింది. మీ ముఫ్తీ సాబ్‌ను ముందుగానే అడగండి, ఐసీయూ బయట నిలబడి కాదు. మరణించిన దాతల కాలేయం కోసం జీవన్‌దాన్‌లో ఆస్పత్రి ద్వారా పేరు నమోదు చేయించాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏ చికిత్స దాని కిందికి వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఆ తర్వాతే అడ్వాన్స్ కట్టండి.

సిర్రోసిస్ ఉందని ఇప్పటికే తెలిసినవాళ్లు మాత్రం 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానొద్దు. యర్కాన్ తగ్గుతుందని పసరు తాగుతూ కూర్చుంటే ఆ 6 నెలలు ఊరికే గడిచిపోతాయి, గడ్డ మాత్రం ఆగదు.