మిస్సమ్మ సెకండాఫ్ ఎందుకు జారదు?

మన పెదపాడు నుంచి ఏలూరు దాటి కాస్త ముందుకెళ్తే సోమవరప్పాడు వస్తుంది. 1908లో ఎల్.వి. ప్రసాద్ గారు పుట్టిన ఊరు. ఈరోజు ఆయన 1955లో తీసిన ‘మిస్సమ్మ’ గురించి. కథ రాసేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్వెల్ తర్వాతే ఇరుక్కుపోతారు. చక్రపాణి గారి స్క్రిప్ట్ అక్కడ ఏం చేసిందో చూద్దాం.

ఒక జమీందారు గారి స్కూల్‌కి భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లే టీచర్లుగా కావాలి. రావు (ఎన్టీఆర్)కి ఉద్యోగం లేదు. మేరీ (సావిత్రి) క్రిస్టియన్ అమ్మాయి, డేవిడ్‌కి తీర్చాల్సిన అప్పుంది. అందుకని ఇద్దరూ మొగుడూపెళ్లాలమని అబద్ధం చెప్పి చేరతారు.

మామూలుగా అయితే ఇక్కడి నుంచి ‘దొరికిపోతారా లేదా’ అని లాగుతారు. ఇందులో అలా లాగలేదు. జమీందారు దంపతులు మేరీని కూతురిలా చూసుకుంటారు. వాళ్లు ఎంత ప్రేమగా ఉంటే ఈ అబద్ధం అంత బరువెక్కుతుంది, విలన్ అక్కర్లేదు. రావు జమీందారు కూతురు సీతకి సంగీతం నేర్పుతుంటే మేరీకి మండుతుంది. నటించే భార్యకి నిజం అసూయ! ఆ సీత మీద ఆశ పెట్టుకున్న డిటెక్టివ్ రాజు (ఏఎన్నార్) వెళ్లి మేరీ దగ్గర సంగీతం నేర్చుకుంటానంటాడు. మధ్యభాగం మొత్తం నడిచేది ఇలాంటి మెలికల మీదే. కొత్త పాత్ర ఒక్కటీ దింపలేదు, ఉన్నవాళ్లనే మార్చిమార్చి ఎదురెదురుగా నిలబెట్టారు.

ఇక క్లైమాక్స్. ఆ స్కూల్ పెట్టిందే చిన్నప్పుడు తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి పేరు మీద. ఆ మహాలక్ష్మే మేరీ అని తేలుతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, మొదటి పది లైన్లలో డిక్లేర్ చేసిన వేరియబుల్‌ని చివర్లో వాడారు. మనం దాన్ని చూసి కూడా మర్చిపోయుంటాం, అందుకే మోసం అనిపించదు. పుట్టుమచ్చ గుర్తు మాత్రం అప్పటికే పాత ట్రిక్కు, ఒప్పుకోవాలి.

కానీ నాకు ఒకటి మింగుడు పడదు. క్రిస్టియన్ అమ్మాయి, హిందూ అబ్బాయి, ఇది ఎలా తేలుతుంది అని సినిమా అంతా మనల్ని ఆలోచింపజేసింది. చివరికి ఆ అమ్మాయి పుట్టుకతో హిందువే అనేసరికి ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వాల్సిన పనే లేకుండా పోయింది. మేరీ మేరీగానే ఉండి రావుని చేసుకుంటే ఆ ఇంట్లోవాళ్లు ఏమనేవారు? ఆ సీన్ రాయడమే అసలు కష్టం. 1957లో ఇదే కథని హిందీలో ‘మిస్ మేరీ’గా తీసినప్పుడు కూడా ప్రసాద్ గారు ఈ ముగింపునే ఉంచారు.