మేము పోయాకే ఇస్తామన్న డబ్బు

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఆదివారం మీటింగులో ఒక తల్లి అడిగింది: "అమెరికాలో మా చెల్లెలి కూతురి పేరున ఏబుల్ అకౌంటు ఉందన్నా. మా బాబుకి ఇక్కడ అలాంటిది లేదా?" అప్పుడు సగమే చెప్పాం. మిగతాది ఇదిగో.

అమెరికాలో ఆ చట్టం 2014 డిసెంబరులో వచ్చింది. ఖాతా వైకల్యం ఉన్న మనిషిదే, అమ్మానాన్న ఉండగానే ఆ మనిషి అవసరాలకు తీసుకోవచ్చు. కెనడాలో ఇలాంటి ఖాతా 2008 నుంచే ఉంది. మన దేశంలో అలాంటి ఖాతా లేదు. మనకున్నది ఆదాయపు పన్నులో 80డిడి సెక్షను. పిల్లవాడి సర్టిఫికెట్టులో వైకల్యం 40 శాతం ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 రూపాయలు అమ్మానాన్నల ఆదాయంలో తగ్గిస్తారు. ఈ అంకెలు 2015 బడ్జెట్టులో వచ్చినవి.

ఈ సెక్షను కిందే ఎల్ఐసీ వాళ్లు జీవన్ ఆధార్ పాలసీ పెట్టారు. 1990ల చివర్లో మేమూ మా అబ్బాయి కోసం కట్టడం మొదలుపెట్టాం. అప్పటికి బెంగుళూరు డివిజన్ ఇంకా దక్షిణ రైల్వేలోనే ఉంది. సంతకం పెట్టాక గానీ మాకు షరతు అర్థం కాలేదు. డబ్బు మేము పోయాకే వస్తుంది. వాడే ముందు పోతే, పన్ను మినహాయింపు పొందిన ఆ సొమ్ము తిరిగి మా ఆదాయంలో కలుస్తుంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

చట్టం ఆలోచన చెడ్డది కాదు. అమ్మానాన్న తర్వాత బిడ్డ వీధిన పడకూడదనే. కానీ రిటైరై జీతం ఆగిన ఇంట్లో బిడ్డ మందులు ఆగవు కదా? ఇదే ప్రశ్న రవి అగర్వాల్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2019 జనవరి 3న కోర్టు పిటిషను కొట్టేసింది. అయినా అమ్మానాన్న ఉండగానే డబ్బు అవసరమయ్యే ఇళ్లున్నాయని ఒప్పుకుని, ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. మూడేళ్లకు, 2022 బడ్జెట్టులో, మన కర్ణాటక నుంచే రాజ్యసభకు వెళ్లిన నిర్మలా సీతారామన్ గారు చట్టం మార్చారు. కట్టినవాళ్లకు అరవై నిండి, కట్టడం ఆపేశాక, వాళ్లు ఉండగానే బిడ్డకు డబ్బు ఇవ్వొచ్చు.

ఇక మనం చూసుకోవలసినవి. చట్టం ఒప్పుకున్నా మీ పాలసీ కాగితంలో ఏం రాసి ఉందో చదవండి. కొత్త పన్ను విధానం తీసుకుంటే 80డిడి లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిది దాటితే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద డిప్యూటీ కమిషనర్ గారి కమిటీ దగ్గర గార్డియన్ కాగితం తీసుకోండి. ప్రభుత్వ పింఛనుదారులైతే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పింఛను ఉంది. మీరుండగానే బిడ్డ పేరు పీపీఓలో ఎక్కించండి.

చాలామంది ఎక్కించరు. పేరు రాస్తే నలుగురికీ తెలుస్తుందని, చెల్లెలి పెళ్లి ఆగుతుందని భయం. మేమూ అలాగే ఆరేళ్లు దాచాం. మా అబ్బాయికి ఇప్పుడు ముప్పై దాటింది. పీపీఓలో వాడి పేరు చూపిస్తే వేలు పెట్టి నవ్వుతాడు. మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉంటే రేపే కాగితాలు తీయండి. తోడు కావాలంటే మేం వస్తాం.