తొలి అడుగుల గణాంకం

పాపాయి ఏ నెలలో కూర్చుంటుంది, ఎప్పుడు నడుస్తుంది అన్నది అంకెల్లో చెప్పే ప్రయత్నం సుమారు నూరేళ్లనాటిది. 1920లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ వయసులవారీ పట్టికలు తయారుచేశాడు. మినియాపోలిస్‌లో 25 మంది శిశువులను రెండేళ్లపాటు గమనించి మేరీ షర్లీ 1931లో గ్రంథం వెలువరించింది. జనంలోకి వెళ్లింది మాత్రం సగటు వయసే. సగటుకు అటూ ఇటూ పిల్లలుంటారన్న సంగతి మరుగున పడి, ఆలస్యంగా నడిచిన బిడ్డ తల్లికి దిగులే మిగిలింది. 1967లో పరిశోధకులు ఫ్రాంకెన్‌బర్గ్, డాడ్స్ డెన్వర్‌లో 1,036 మంది పిల్లలను పరీక్షించి, ఒక్కో పనిని 25, 50, 75, 90 శాతం మంది ఏ వయసుకు చేయగలరో చూపి ఆ లోపాన్ని కొంత సరిదిద్దారు.

అసలు చిక్కు తేదీ దగ్గర ఉంది. అడుగులకు అరిసెలు పంచిన ఇంటికి ఆ రోజు గుర్తుంటుంది. నెలకోసారి వచ్చే పరిశోధకుడికి తెలిసేది వేరు: పదకొండో నెలలో నడవలేదు, పన్నెండో నెలకు నడుస్తోంది, అంతే. ఊరు మారిపోయి అధ్యయనం నుంచి మధ్యలో తప్పుకున్న పిల్లల సంగతి సగమే తెలుస్తుంది. వాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఆలస్యంగా నడిచేవారే ఎక్కువగా జారిపోయి ఫలితం తప్పుతుంది. ఇలాంటి అసంపూర్ణ సమాచారాన్ని గణాంకశాస్త్రం ‘సెన్సారింగ్’ అంటుంది. కాప్లాన్, మయర్‌ల 1958 నాటి పద్ధతి, రెండు తేదీల మధ్య జరిగినవాటికి టర్న్‌బుల్ 1976లో చూపిన దారి దీనికి పనికొచ్చాయి. రోగుల ఆయుష్షు, యంత్రాలు చెడిపోయే కాలం లెక్కగట్టే ఇలాంటి నమూనాలను ‘ఫెయిల్యూర్ టైమ్’ నమూనాలంటారు. బిడ్డ తొలి విజయానికి ఆ పేరు తగులుకోవడం విడ్డూరమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడింది ఈ ఫెయిల్యూర్ టైమ్ నమూనాలనే. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాలలో 816 మంది పిల్లలను నాలుగో నెల నుంచి ఏడాది నిండేదాకా నెలనెలా, రెండో ఏడాది రెండు నెలలకోసారి చూశారు. తల్లులూ విడిగా తేదీలు రాసుకున్నారు. 2006లో వెలువడిన ఫలితం ఒక వయసు కాదు, ఒక వ్యవధి: ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలలు, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలలు. హద్దులు 1, 99 పర్సెంటైళ్లు. ఈ వ్యవధులను చూపే పటంలో మధ్యన సగటు గీత గీయకపోవడమే వివేకం. గీస్తే మళ్లీ పోలికలు మొదలయ్యేవి. చేతులు, మోకాళ్ల మీద పాకడం 4.3 శాతం పిల్లల్లో కనిపించనే లేదు. 2022లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన శిశువికాస మైలురాళ్ల జాబితాలోంచి పాకడాన్ని తొలగించి, మిగతావాటిని కనీసం 75 శాతం మంది చేరుకునే వయసులకు మార్చింది.