అబర్డీన్ బజారు: శ్రీవిజయపురం నడిబొడ్డున అంగడివీధి

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీవిజయపురంలో ప్రధాన వాణిజ్య కేంద్రం అబర్డీన్ బజారు. 2024 సెప్టెంబరు వరకు ఈ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్. గడియార స్తంభం చుట్టూ అల్లుకున్న ఇరుకు వీధులలో కాలినడకన తిరగడమే సుఖం. మోహన్‌పురా బస్టాండు పక్కనే ఉంది. సెల్యులార్ జైలును సందర్శించినవారు నడిచే ఇక్కడికి చేరుకుంటారు.

అబర్డీన్ స్కాట్లాండులోని ఒక రేవు నగరం. ‘అబర్’ అనే ప్రాచీన కెల్టిక్ పదానికి నదీముఖమని అర్థం. ఈ బజారు చెంత నది లేదు. నగరం పేరు మారినా జనం నోట బజారు పేరు మాత్రం నిలిచింది.

1857 తిరుగుబాటు అనంతరం బ్రిటిష్ ప్రభుత్వం 1858 మార్చిలో ఇక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పింది. అడవులు నరికి స్థావరాన్ని విస్తరించడం గ్రేట్ అండమానీయుల మనుగడకే ముప్పయింది. 1859 మేలో వారు విల్లంబులతో అబర్డీన్‌పై దాడికి దిగారు. అంతకుముందు పారిపోయి వారి మధ్య జీవించిన ఖైదీ దూధ్‌నాథ్ తివారీ తిరిగివచ్చి అధికారులను ముందే హెచ్చరించాడు. తుపాకుల ముందు బాణాలు నిలవలేదు. ఆనాడు వేలల్లో ఉన్న ఆ జాతి నేడు కొన్ని పదుల మందికి పరిమితమైంది. వారి భాషలలో ఒకటైన ‘బో’ను మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించారు. అబర్డీన్ యుద్ధానికి స్మారక చిహ్నం ఉన్నప్పటికీ, దుకాణాలకు వచ్చే పర్యాటకులలో దానిని చూసేవారు తక్కువే.

నిర్ణీత కాలం శిక్ష అనుభవించి సత్ప్రవర్తన కనబరచిన ఖైదీలకు సేద్యం, వ్యాపారం చేసుకుని సొంతంగా బతికే అనుమతి లభించేది. అలా స్థిరపడినవారి సంతతిని ‘లోకల్ బార్న్’ అని వ్యవహరిస్తారు. వారిని కలిపి ఉంచిన హిందుస్థానీయే నేటికీ బజారులో బేరసారాల భాష. దానితో పాటు బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. విశాఖపట్నం నుంచి నడిచే నౌక వారిని సొంత ఊళ్లతో కలుపుతోంది.

ముత్యాలు, గవ్వల కళాకృతులు, కొయ్య వస్తువులు ఇక్కడ విరివిగా దొరుకుతాయి. పగడపు దిబ్బల జీవులకు, కొన్ని రకాల శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కనుక గవ్వలు కొన్నవారు రశీదును, అవసరమైనచోట అనుమతిపత్రాన్ని వెంట ఉంచుకోవాలి. సముద్రతీరంలో ఏరుకున్నవాటికి ఆ వెసులుబాటు లేదు.