మేక ఋణము

తెలుగునాటి మెట్టసీమలలో, అనంతపురము మొదలు మహబూబ్‌నగరు, నల్లగొండల వరకు గల రాతినేలలపై, వాన మొగము చాటువేసిన యేటను సైతము మానవుడు ప్రాణము నిలుపుకొనగలుగుటకు నాగలి యెంత కారణమో మందయు నంత కారణము. అయినను మన చరిత్ర గ్రంథములలో నాగలికి దొరకిన పుటలు మందకు దొరకలేదు. చెరువు త్రవ్వించినవాడు శాసనము వేయించెను. గుడి కట్టించినవాడును వేయించెను. దోపిడికాండ్ర నుండి పశువులను విడిపించుచు మడిసిన వీరునికి ఊరి పొలిమేరలో వీరగల్లు నిలిచెను. కాని తెవులు తగిలి ఒక్క పక్షము లోపల మందకు మందయు నేలకొరగినప్పుడు ఆ నష్టమును రాతిపై చెక్కించిన ప్రభువును నేనెరుగను.

మందల వెంట నడిచినవారిలో ముఖ్యులు గొల్లలు, కురుమలు. గొల్లలు తమ పూర్వుల గాథను కాటమరాజు కథగా పాడించుకొనిరి. కరువునకు తాళలేక ఆలమందలను తోలుకొని నెల్లూరు సీమకు వలసపోవుట, నల్లసిద్ధిరాజు బీళ్ళలో మేపుకొనుటకు ప్రతిగా కోడెదూడల నిచ్చునట్లు ఒడంబడిక చేసికొనుట, అది చెడి ఘోరమైన పోరు పుట్టుట ఆ కథకు ప్రాణము. కురుమల కులదైవములైన మల్లన్న, బీరప్పల చరితములను ఒగ్గువారు డోలు మ్రోగించుచు నేటికిని చెప్పుచున్నారు. సూర్యాపేట చెంత దురాజుపల్లి గుట్టపై రెండేండ్లకొకమారు జరుగు లింగమంతుల జాతరకు లక్షల జనము కదలివచ్చుచున్నది. ఈ కథల అడుగునను, ఈ జాతరల అడుగునను ఉన్నవి రెండే: గడ్డికై వెదకులాట, మంద క్షేమమునకై మ్రొక్కు.

ఆ మందలో మేక స్థానము విశిష్టమైనది. గొర్రె తలవంచి నేలను మేయును, ముందున్న దాని తోక చూచి నడచును. మేక తల యెత్తి కొమ్మ నందుకొనును, దారి తానే వెదకుకొనును. అందుచేతనే గొర్రెలకాపరి తన మందలో రెండు మూడు మేకలను కలిపి పెంచును. వాగు దాటవలసివచ్చినను, కొత్త కంచెలోనికి మందను మళ్ళింపవలసివచ్చినను, మెడలో గంట కట్టిన మేక ముందు దిగును, తక్కినవి దాని వెంట దిగును. ఇక మంద లేని యిండ్లలో, కూలినాలి చేసికొను కుటుంబములలో, గడప ముందర కట్టివేసిన ఆ ఒక్క మేకయే ఆస్తి, అదియు పెక్కుచోట్ల ఆ యింటి ఇల్లాలి ఆస్తి. తల్లి లేని పసికందుకు పట్టు పాలు దానివి. బిడ్డ పెండ్లికి, వైద్యమునకు అక్కరపడు రూకలు దాని పిల్లలవి. పుట్టిన పిల్లను చలికి, నక్కకు వెరచి ఇంటిలోపల గంప క్రింద మూసియుంచుదురు. పిల్లలు దానికి పేరు పెట్టి పిలుతురు, తమ చేతి ముద్దలో పాలు పంచుదురు. అట్టి మేక మూడునాళ్ళు జ్వరపడి, ముక్కు చీమిడి కారుచు, తలుపు మూల కన్నుమూసినప్పుడు ఆ యింట వినవచ్చు ఏడుపు సొమ్ము పోయినందులకు మాత్రమే కాదు. ఈ దుఃఖమును పశువు పోయిన దుఃఖమని తేలికగా చూచువారు దానితో కాపురము చేసి యెరుగనివారు.

తెవుళ్ళను మన కాపరులు చక్కగా నెరుగుదురు. తొలకరి లేతపచ్చికను ఆబగా మేసిన గొర్రె చిటుక వేసినంతలో కూలిపోవుటను చిటుక రోగమనిరి. నవరంధ్రముల నుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచు చచ్చుటను దొమ్మ యనిరి. మేని మీద పొక్కులు లేచిన అది బొబ్బరోగము, అమ్మవారు. గిట్టల నడుమ పుండ్లు పడిన గాలికుంటు. వానలు వెనుకబట్టిన పిమ్మట మూతి వాచి నాలుక నీలివారిన నీలినాలుక. ఎడ్లను, గేదెలను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టిన దానిని ముసర యనియు, పెద్దరోగ మనియు భయభక్తులతో పిలిచిరి. మేకలకు నోరు పూసి, దుర్గంధము కొట్టి, నీళ్ళవలె పారుకొనిపోవునది పారుడు రోగము. లక్షణములను ఇంత నిశితముగా వేరుపరచి పేర్లు పెట్టినవారిని అజ్ఞానులనుట న్యాయము కాదు.

వారి ప్రతిక్రియలు మాత్రము కొన్ని ఫలించినవి, కొన్ని ఫలింపలేదు. వేపాకు పొగ వేయుట, పసుపు పూయుట, కాల్చిన కడ్డీతో వాత పెట్టుట అన్ని పల్లెలలోను ఉండెను. వాత వలన జంతువునకు బాధయే గాని మేలు కలుగలేదు. పోచమ్మకు, గంగమ్మకు మ్రొక్కి, బలి యిచ్చి, నెత్తురు కలిపిన అన్నమును పొలిగా ఊరి పొలిమేర చుట్టును చల్లుట మరియొక ఆచారము. మద్రాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి 1916లో ప్రకటించిన గ్రంథములో మశూచి, కలరాలతోపాటు పశువుల తెవుళ్ళ కొరకును జరుగు ఇట్టి కొలుపులను వర్ణించెను. అయితే ఆ కొలుపులో ఒక కట్టడి కలదు: పొలి చల్లు వేళ ఊరివారెవ్వరును పొలిమేర దాటరాదు, పొరుగువాడెవ్వడును లోనికి రారాదు. దేవత పేర నడచినను ఇది రోగము రాకపోకలను అడ్డగించు కట్టుబాటే. తెలివిగల కాపరి చీమిడి కారు మేకను వెంటనే వేరుకట్టును, దాని తొట్టినీరు మందకు పెట్టడు, రోగము సోకిన ఊరి బీడును విడిచి చుట్టుదారి నడచును. మందను కాపాడిన పాత పద్ధతులలో గట్టిది ఈ ఎడమే.

ఈ ఎడమును చెరచినవి రెండు. ఒకటి దారిద్ర్యము: మందలో రెండు దగ్గినంతనే, తక్కినవియైనను రూకలగునని కాపరి వానిని వారపు సంతకు తోలును, అక్కడినుండి తెవులు పది ఊళ్ళకు చేరును. అతని తొందరను నేను నిందింపజాలను, పోయిన మేకకు వెల కట్టియిచ్చువాడు లేనప్పుడు అతడింకేమి చేయగలడు? రెండవది ప్రభుత్వము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పిమ్మట ఊళ్ళ చేరువనున్న అడవులు రక్షితములై మూతపడెను. మేత పన్ను పుల్లరిగా మెడకు చుట్టుకొనెను. పలనాటిలో ఆ పుల్లరిని ధిక్కరించి కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. అన్నింటికంటె నెక్కువగా అడవిశాఖ ద్వేషించినది మేకను. మొలకను కొరుకునను నేరము మోపి దానిని రక్షితారణ్యముల గడప త్రొక్కనీయలేదు. మిగిలిన కొద్దిపాటి బీళ్ళలో పెక్కు మందలు ఒకదాని శ్వాస నొకటి పీల్చుచు ఇరుకుపడెను.

పశువైద్యమును తెచ్చినదియు ఆ ప్రభుత్వమే యగుట నిజము. కాని అది యెవరి కొరకు వచ్చెనో చూడవలెను. మొదట సైన్యపు గుర్రము కొరకు, పిదప నాగలి లాగు ఎద్దు కొరకు. ఎద్దు చచ్చిన దున్నకము లేదు, దున్నకము లేనిది శిస్తు లేదు. 1869లో హాలెన్ అను పశువైద్యుని అధ్యక్షతన విచారణసంఘము నేర్పరచినది పశువుల పెద్దరోగమును గూర్చియే. 1889లో పూనాలో ఒక ప్రయోగశాల వెలసి, 1893లో హిమాలయ సానువులలోని ముక్తేశ్వరమునకు మారెను. మద్రాసు పశువైద్య కళాశాల 1903లోను, తెలుగు జిల్లాలకును మందులు పంపిన రాణిపేట సీరము సంస్థ 1932లోను ఏర్పడెను. ఈ సంస్థలు చేసిన మేలు గొప్పది, దానిని మరువరాదు. కాని ఆ మేలునకు మేక యిచ్చిన వెలను గూర్చి మనవారెవ్వరును తలపలేదు.

విజ్ఞానశాస్త్రము మేకను సాక్షిగా నిలుపుట ఈ సంస్థలు వెలయకముందే మొదలయ్యెను. 1881లో ఫ్రాన్సులోని పుయ్యీ-ల-ఫోర్ అను పల్లెలో లూయీ పాశ్చర్ దొమ్మకు తన టీకాను బహిరంగముగా పరీక్షించినప్పుడు, టీకా పొందిన గుంపులో గొర్రెలతోపాటు ఒక మేకయు, పొందని గుంపులో ఒక మేకయు నుండెను. జూన్ 2వ తేది సాయంకాలమునకు రెండవ గుంపులోని గొర్రెలును మేకయు విగతజీవులయ్యెను. మొదటి మేక బ్రదికియుండెను. నలువదియేండ్లు గడచిన తరువాత ముక్తేశ్వరములో జె. టి. ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు పెద్దరోగపు విషబీజమును ఒక మేకనుండి మరియొక మేకకు, దానినుండి వేరొక దానికి వందలసార్లు ఎక్కించుచు పోయెను. అట్లు మేకల మేనిలో కాపురము చేసి చేసి ఆ బీజము పశువులను చంపు శక్తిని కోల్పోయి, వానికి రక్ష నిచ్చు గుణమును మాత్రము నిలుపుకొనెను. బీజమెక్కించిన మేకకు జ్వరము రాగానే దానిని చంపి, ప్లీహమును నూరి, ఎండబెట్టి టీకాగా చేసిరి. స్వతంత్ర భారతము 1954లో పెద్దరోగ నిర్మూలనమునకు పూనుకొన్నప్పుడు ఊరూర ఎడ్లకు, ఆవులకు వేసినది ఈ మేక టీకాయే. తరువాత వాల్టర్ ప్లోరైట్ కనుగొన్న కణవర్ధనపు టీకా దాని స్థానమున కెక్కెను. మన దేశములో పెద్దరోగము 1995 పిమ్మట కనబడలేదు. 2011లో ప్రపంచమంతటను అంతరించెనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించెను. మశూచి తరువాత మానవుడు భూమిపై రూపుమాపిన రెండవ రోగమిది. మన నేలపై ఆ పునాదిని మేకలు తమ ప్రాణములతో వేసినవి.

ఎద్దు అట్లు రక్షింపబడెను గాని మేకకు దాని తెవులు తప్పలేదు. 1942లో పశ్చిమాఫ్రికాయందలి ఐవరీకోస్టులో ఫ్రెంచి పశువైద్యులు పెద్దరోగమును పోలి, ఆవులను తాకక గొర్రెమేకలను మాత్రమే చంపు ఒక వ్యాధిని గుర్తించిరి. అదియే నేడు పి. పి. ఆర్. అని పిలువబడు పారుడు రోగము. దక్షిణభారతమున గొర్రెమేకలు ఇట్లే చచ్చుచుండగా, పెద్దరోగమే వానికిని సోకినదని చాలకాలము భావించిరి. 1987లో తమిళనాట, నాటి దక్షిణార్కాడు జిల్లాలోని అరసూరు గ్రామపు గొర్రెలలో పుట్టిన తెవులును పరిశోధించి, ఎం. ఎస్. శైల మొదలగువారు ఇది వేరు రోగమని తేల్చిరి. 1994 నాటికి అది ఉత్తరదేశమునకును ప్రాకెను.

ఈ బీజము పెద్దరోగపు బీజమునకును, మన పసివారికి వచ్చు తట్టు బీజమునకును దాయాది. ఊపిరి ద్వారా, చీమిడి ద్వారా, పేడ ద్వారా, దగ్గర మసలుట వలన వ్యాపించును. మందలో చేరిన మూడు మొదలు ఆరు దినములకు జ్వరము పుట్టును. కన్ను ముక్కులు కారును. చిగుళ్ళు, నాలుక పూయును. పిదప విరేచనములు, ఎగశ్వాస. వారము పది దినములలో ప్రాణము పోవును. ముందెన్నడును రోగమెరుగని మందలో నూటికి తొంబది వరకును చచ్చుట కలదు. అయితే దీనికి రెండు బలహీనతలు కలవు. ఎండలో, వెలుపల అది ఎక్కువకాలము నిలువజాలదు. కోలుకొన్న జంతువు దానిని దాచుకొని తిరుగదు, జీవితాంతము రక్షణ పొందును. అందుచేత తగినన్ని తలలకు టీకా పడినచో దానికి తావే దొరకదు.

ఆ టీకా మన దేశముననే తయారయ్యెను. 1996లో హిమాచలప్రదేశపు సుంగ్రీ గ్రామములోని మేకల నుండి సంగ్రహించిన బీజమును భారత పశువైద్య పరిశోధన సంస్థవారు ముక్తేశ్వరములోనే, ఎడ్వర్డ్స్ మేకలు ప్రాణములిచ్చిన ఆ కొండపైననే, కణములలో పెంచి మెత్తబరచిరి. చర్మము క్రింద ఒక్క మిల్లీలీటరు; రక్షణ మూడేండ్లకు తక్కువ కాదు. 2010లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన నియంత్రణ పథకపు తొలివిడతలో ఆంధ్రప్రదేశ్ చేరియుండెను. 2015లో ఐవరీకోస్టు పట్టణమైన అబిజాన్‌లో సమావేశమైన దేశములు 2030 నాటికి ఈ రోగమును భూమిపై లేకుండ చేయవలెనని సంకల్పించినవి.

సంకల్పము గొప్పది, దారి కఠినము. ఎద్దు పదేండ్లు బ్రదుకును, ఒకసారి వేసిన టీకా చాలకాలము మందలో నిలుచును. మేకల మందయో ఏటేట మారిపోవును, పెద్దవి అమ్ముడగును, రక్షలేని పిల్లలు పుట్టుచుండును. టీకా చల్లదనము తప్పిన చచ్చును. మంచుపెట్టెతో వచ్చిన వైద్యుడు తెల్లవారుజామున చేరకున్న మంద మేతకు తరలిపోవును. 2019 పశుగణన ప్రకారము దేశములో 14.88 కోట్ల మేకలు కలవు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండవది. 2017 నుండి తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీకై ఇతర సీమల నుండి లక్షల జీవములను లారీలలో తెప్పించెను. అట్లు ప్రయాణపు బడలికతో దిగిన జీవమును నేరుగ పాతమందలో కలుపుట ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

కనుక కాపరులకు నా విన్నపమిది. కొన్న మేకను ఇరువదియొక్క దినములు వేరుదొడ్డిలో కట్టుడు. పిల్లకు నాలుగవ నెల రాగానే టీకా వేయించుడు. ముక్కు కారు దానిని సంతకు తోలకుడు. చచ్చినదానిని కోసి పంచక, సున్నము చల్లి లోతుగా పూడ్చుడు, ఏలననగా అది దొమ్మయైనచో తిన్న మనుష్యునికిని అంటును, విశాఖ మన్యములో అంటియున్నది. ఇక పాలకులకు నా విన్నపము వేరు. రోగమని కాపరి తానై వచ్చి చెప్పిన దినమున, చచ్చిన మేకకు వెల అతని చేతబెట్టుడు; అట్లు చేయనంతకాలము రోగమును సంతలలో దాచిపెట్టుచున్నది అతని పేదరికమే గాని అతడు కాడు.