లెక్క ఎవరికి వినిపించాలి? తెలుగు ప్రాంతాల సహకార సంఘాల్లో సభ్యుల విశ్వాసం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆర్థికంగా చితికిన సంఘంలో సభ్యుల విశ్వాసం ఎలా పోతుంది, తిరిగి ఎలా కుదురుకుంటుంది అన్న ప్రశ్నను తెలుగు ప్రాంతాల సహకార సంఘాల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1964 నాటి చట్టం కింద సంఘాలు ప్రభుత్వ కార్యాలయాలుగా మారిన తీరు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చిన మార్పు, 2006లో మొదలైన పాల సంఘాల వివాదం ఇందులో ప్రధానంగా చర్చకు వస్తాయి. నష్టాన్ని బయటివారు పూడ్చిన చోట విశ్వాసం మరింత సడలిందనీ, ఆ భారాన్ని సభ్యులే పంచుకొని లెక్క అడిగిన చోట నిలిచిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సహకారోద్యమం, పొదుపు సంఘాలు, సింగిల్ విండో, పరస్పర సహాయం, ములుకనూరు, రుణమాఫీ.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ఉత్తర శివారులోని దూలపల్లి పేరు చెప్పగానే బయటివారికి చాలాకాలం గుర్తుకు వచ్చింది అక్కడి అటవీ శిక్షణ సంస్థే. కొంపల్లి వైపునుంచి నగరం పెరుగుతూ వచ్చాక పొలాలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. ఈ వ్యాసకర్త నివసించే సముదాయంలో లిఫ్టు పక్కన ఒక బోర్డు ఉంది. సంఘం పేరు చివర ‘మ్యూచువల్లీ ఎయిడెడ్ కోఆపరేటివ్ మెయింటెనెన్స్ సొసైటీ’ అని రాసి ఉంటుంది. దానికిందే, నెలవారీ నిర్వహణ రుసుము బకాయిపడిన ఫ్లాట్ల సంఖ్యలు. ఒక ఏడాది ఆ జాబితా ఎంత పొడవు పెరిగిందంటే, లిఫ్టు మరమ్మతుకు సంఘం ఖాతాలో డబ్బు చాలలేదు. కట్టనివారిని అడిగితే వచ్చిన సమాధానం ఒక్కటే: “ముందు పోయిన ఏడాది లెక్క చూపించండి.” కట్టేవారు కూడా ఆ మాటతో ఏకీభవించడమే కార్యవర్గాన్ని కలవరపెట్టింది.

హైదరాబాదులో ఎన్నో నివాస సంఘాలు ఇదే చట్టం కింద నమోదయ్యాయి. నమోదు సులభం, ప్రభుత్వ జోక్యం తక్కువ అన్నంతవరకే వాటి నిర్వాహకులకు ఆ చట్టంతో పరిచయం. అయితే బోర్డుమీది ఆ ‘పరస్పర సహాయం’ అన్న మాట అపార్టుమెంట్ల కోసం పుట్టింది కాదు. దాని వెనక వరంగల్లు, కరీంనగరు జిల్లాల పొదుపు సంఘాల అనుభవం ఉంది. అంతకుముందు తొమ్మిది దశాబ్దాలపాటు సంఘాలు నిలబడటం, కూలడం, మళ్లీ కూలడం అన్న చరిత్ర ఉంది. సభ్యులు “లెక్క చూపించండి” అని ఎందుకు అడుగుతారో తెలియాలంటే ఆ చరిత్రలోకి వెళ్లక తప్పదు.

2. పొరుగువాడి అప్పు

భారతదేశంలో సహకార పరపతికి తొలి ఆలోచన మద్రాసు ప్రెసిడెన్సీలోనే రూపుకట్టింది. ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరాల్లో రెండు భాగాలుగా సమర్పించిన నివేదిక, జర్మనీలో రైఫైజెన్ నెలకొల్పిన గ్రామ పరపతి సంఘాలను ఆదర్శంగా చూపింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం, 1912లో దానికన్న విస్తృతమైన చట్టం వచ్చాయి. నిజాం రాజ్యంలో ఇటువంటి చట్టం 1914 నాటిది.

రైఫైజెన్ నమూనాకు ప్రాణం అపరిమిత బాధ్యత. ఒక సభ్యుడు అప్పు ఎగ్గొడితే ఆ నష్టం మిగతా సభ్యుల ఆస్తిమీద పడుతుంది. ఈ నియమం వినడానికి కఠినంగా ఉంటుంది. కాని దానివల్లనే సంఘం ఒక ఊరికి పరిమితమైంది, అప్పు అడిగినవాడి అవసరాన్నీ అలవాట్లనూ తెలిసినవారే నిర్ణయం తీసుకున్నారు. ఇక్కడ విశ్వాసం అంటే మంచితనం మీద నమ్మకం కాదు. పొరుగువాడు తప్పుచేస్తే నాకు నష్టం కనుక అతణ్ణి కనిపెట్టి ఉంటాను, నన్నూ అతడు కనిపెట్టి ఉంటాడు. సహకారం గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే సోదరభావంకన్న ఇది చాలా మొరటైన ఏర్పాటు.

ఈ ఏర్పాటు మన నేలమీద లోతుగా వేళ్లూనలేదు. స్వాతంత్ర్యానంతరం గోర్వాలా అధ్యక్షతన జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన 1954లో నివేదిక ఇచ్చింది. రైతులు తెచ్చుకునే అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం మాత్రమేనని తేల్చింది. మిగతాదంతా ప్రధానంగా వడ్డీవ్యాపారులదే. దీనికి కమిటీ సూచించిన పరిష్కారం సంఘాల్లో ప్రభుత్వమే వాటాదారుగా చేరడం. పల్లెల్లో వడ్డీవ్యాపారి బలం ముందు పేద సభ్యుడు ఒంటరిగా నిలవలేడన్న కమిటీ వాదనను తేలికగా కొట్టిపారేయలేము. కాని సహకార సంఘాల దిశను మార్చిన సిఫారసు కూడా అదే.

3. ‘సంఘం’ ‘విండో’ అయిన తీరు

1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ఈ భాగస్వామ్యానికి చట్టరూపం ఇచ్చింది. ప్రభుత్వం వాటా పెట్టిన చోట ప్రభుత్వం అజమాయిషీ కోరుకుంటుంది. పాలకవర్గాన్ని రద్దుచేసే అధికారం, ఎన్నికలు జరగనప్పుడు పర్సన్ ఇన్‌ఛార్జిని నియమించే అధికారం రిజిస్ట్రారుకు దక్కాయి. ఎన్నికల వాయిదా ఒక అలవాటుగా మారింది. అది పాతకాలపు జబ్బు మాత్రమే అనుకోవద్దు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2018లో తీరినా తెలంగాణలో మళ్లీ ఎన్నికలు జరిగింది 2020 ఫిబ్రవరిలోనే.

1987లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వల్పకాలిక, దీర్ఘకాలిక రుణాలను ఒకే చోట అందించే ‘సింగిల్ విండో’ విధానం ప్రవేశపెట్టింది. పాలనాపరంగా అది మేలైన సంస్కరణే. భాషాధ్యయనం చేసేవారికి మాత్రం దాని పేరు ఆలోచనీయం. తెలంగాణ పల్లెల్లో నేటికీ సహకార సంఘాన్ని ‘సింగిల్ విండో’ అనే అంటారు. దాని అధ్యక్షుడు ‘సింగిల్ విండో చైర్మన్’. సంఘం అన్నమాటలో అందరూ లోపలివారే. కిటికీకి మాత్రం లోపల కూర్చున్నవాడొకడు, బయట వరసలో నిలబడ్డవాడొకడు. సభ్యుడు లబ్ధిదారుగా మారిన క్రమాన్ని ఏ కమిటీ నివేదికకన్నా ఈ ఒక్క పదం స్పష్టంగా నమోదుచేసింది.

సభ్యులకు ఆ డబ్బు తమదన్న భావం పోయాక తిరిగి చెల్లించాలన్న పట్టుదల కూడా సడలుతుంది. 1990లో కేంద్రం అమలుచేసిన వ్యవసాయ, గ్రామీణ రుణవిముక్తి పథకం దీనికి ముద్ర వేసింది. 1989 అక్టోబరు 2 నాటికి బకాయిపడిన అప్పుల్లో 10,000 రూపాయల వరకు మాఫీ అయింది. కరవులో చితికిన రైతుకు అది ఊరట అన్నది నిజం. సంఘం లోపల అది నేర్పిన పాఠం వేరు. పక్కింటివాడు కట్టకుండా లాభపడ్డాడు, పుస్తెలు తాకట్టుపెట్టి గడువులోగా కట్టినవాడు నష్టపోయాడు. 2008లో మళ్లీ రుణమాఫీ జరిగినప్పుడు, సకాలంలో చెల్లించిన రైతులకు రాష్ట్ర ప్రభుత్వం 5,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించవలసి వచ్చింది. ఆ అన్యాయం ప్రభుత్వానికీ తెలుసుననడానికి అంతకన్న సాక్ష్యం అక్కరలేదు. మాఫీతో సంఘాల పద్దుపుస్తకాల్లోని లోటు పూడింది. సభ్యులకు ఒకరిమీద ఒకరికి ఉండవలసిన నమ్మకం ఆ పద్దులోకి ఎక్కేది కాదు.

4. ములుకనూరు

ఇదే కాలంలో, ఇదే చట్టాల కింద నిలబడిన సంఘం ఒకటుంది. నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ములుకనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగు సంఘం ఏర్పడింది. దాని విజయాన్ని వ్యక్తి నాయకత్వానికే ఆపాదించడం వాడుక. ఆయన పాత్ర పెద్దదే, కాని సంఘం పేరులో ఉన్న రెండో పనిని చూడకపోతే విషయం సగమే అర్థమవుతుంది. అప్పు ఇచ్చే సంఘమే పంటను కొంటుంది, ధాన్యం మరపట్టిస్తుంది, విత్తనం, ఎరువు అమ్ముతుంది. అప్పు వసూలు పంట అమ్మకంతో ముడిపడుతుంది. సభ్యుడికి సంఘంతో ఏడాదికి ఒకసారి సంతకంపెట్టే సంబంధం కాక, దుక్కినుంచి ధాన్యం తూకం దాకా పని ఉంటుంది. సంఘం మునిగితే తన మార్కెట్టు మునుగుతుంది. ఆ ప్రాంతపు మహిళలు 2000లో తమ సొంత పాల సహకార సంఘాన్ని నెలకొల్పుకోగలిగారంటే ఈ అలవాటు ఇళ్లలోకి చేరిందనే అర్థం.

5. 1995: నష్టానికి వారసులెవరు?

సహవికాస అన్న సంస్థ వరంగల్లు, కరీంనగరు జిల్లాల్లో 1990ల ప్రారంభంనుంచి పొదుపు సంఘాలను ప్రోత్సహించింది. ప్రతి సభ్యురాలూ నెలనెలా నిర్ణీత మొత్తం జమచేస్తుంది, ఆ పొదుపునుబట్టి అప్పు పొందుతుంది. మూలధనం కోసం బయటివారిమీద ఆధారపడకూడదన్నది ప్రధాన నియమం. దీనిలోని కీలకం పైకి కనబడదు. పొదుపుచేసేవారూ అప్పు తీసుకునేవారూ ఒకరే కావడం. మిత్తి పెంచాలా, తగ్గించాలా అన్నప్పుడు ప్రతి ఒక్కరికీ రెండువైపులా ప్రయోజనం ఉంటుంది.

దీనికి పూర్తి వ్యతిరేక దృశ్యం 2001, 2002 సంవత్సరాల్లో హైదరాబాదులో కనబడింది. కృషి, చార్మినార్ వంటి పట్టణ సహకార బ్యాంకులు కుప్పకూలి, మధ్యతరగతి జీవితకాలపు డిపాజిట్లు చిక్కుబడ్డాయి. ఇటువంటి బ్యాంకుల్లో అప్పు పొందాలంటే సభ్యత్వం ఉండాలి. డిపాజిట్ చేసేవారిలో అత్యధికులు ఓటులేనివారు. అంటే డబ్బు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. ‘సహకార’ అన్న మాట బోర్డుమీద ఉన్నంత మాత్రాన సంఘంలో సహకారం ఉండదని నగరం కష్టపడి నేర్చుకుంది.

1991లో చౌదరి బ్రహ్మప్రకాశ్ కమిటీ ఒక ఆదర్శ సహకార చట్టాన్ని సిద్ధంచేసింది. ఆ స్ఫూర్తితో దేశంలోనే మొదటగా చట్టం చేసింది ఆంధ్రప్రదేశ్. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సంఘాల్లో ప్రభుత్వ వాటాధనానికి చోటివ్వలేదు. పాత సంఘం కొత్త చట్టంలోకి మారాలంటే ప్రభుత్వ వాటా తిరిగి చెల్లించాలి. పాలకవర్గాన్ని రద్దుచేసే అధికారం రిజిస్ట్రారుకు లేదు. దీన్ని స్వేచ్ఛగా మాత్రమే చూసినవారు చట్టంలో సగమే చదివినట్టు. మిగతా సగం బరువైనది. గడువులోగా ఎన్నికలు జరపకపోయినా, సర్వసభ్య సమావేశం పెట్టకపోయినా, తనిఖీ అయిన లెక్కలు సభ్యులముందు ఉంచకపోయినా డైరెక్టర్లు పదవి కోల్పోతారు, మళ్లీ పోటీకి అనర్హులవుతారు. లోటు వస్తే నిధులనుంచి పూడ్చుకోవాలి, లేదా సంఘం సేవలను వాడుకున్న మేరకు సభ్యుల ఖాతాలకు రాయాలి.

ఈ రెండు నియమాలను కలిపి చదవాలి. లోటు నా ఖాతాకు రాస్తారని తెలిసినప్పుడే నేను సమావేశానికి వస్తాను, వచ్చి అడుగుతాను. అడిగేవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడే లెక్క సరిగా ఉంటుంది. రైఫైజెన్ నాటి అపరిమిత బాధ్యత నూరేళ్ల తరువాత మెత్తబడిన రూపంలో తిరిగి వచ్చింది. చదువురాని సభ్యులున్న పొదుపు సంఘంలో లెక్క కాగితంమీద ఉంటే చాలదు, చదివి వినిపించాలి. పేరు, జమ, అప్పు, బకాయి అందరి ఎదుటా వినబడినప్పుడు దాపరికానికి చోటు తగ్గుతుంది.

6. పాల సంఘాల వివాదం

ఈ స్వేచ్ఛను ప్రభుత్వం తేలికగా వదులుకోలేదు. కొత్త చట్టంలోకి మారిన పాల సంఘాలను 2006లో ఒక సవరణ ద్వారా మళ్లీ 1964 చట్టం పరిధిలోకి తెచ్చారు. ఆ సంఘాల ఆస్తులు ప్రజాధనంతో ఏర్పడినవన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో పసలేకపోలేదు, పాడిపరిశ్రమకు తొలినాళ్లలో ప్రభుత్వ పెట్టుబడే ఆధారం. అయినా 2007లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఇష్టపూర్వకంగా ఒక చట్టం కింద చేరిన సభ్యులను వారి ప్రమేయం లేకుండా మరో చట్టంలోకి నెట్టడం సంఘాలు ఏర్పరచుకొనే హక్కుకు భంగమన్నది తీర్పులోని ప్రధానాంశం. 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘాలు ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. అది 2012లో అమలులోకి వచ్చింది. రాష్ట్రాల ఆమోదం పొందలేదన్న కారణంగా అందులో రాష్ట్ర సంఘాల నిర్వహణకు సంబంధించిన భాగం 2021 జులైలో సుప్రీంకోర్టులో నిలవలేదు. సంఘం పెట్టుకొనే హక్కు రాజ్యాంగంలో మిగిలింది, దాన్ని నడిపే పద్ధతి మళ్లీ రాష్ట్రాల చేతికే వచ్చింది.

7. మళ్లీ దూలపల్లి

నివాస సంఘం వ్యాపారసంస్థ కాదు, పరపతి సంఘమూ కాదు. లాభాపేక్ష లేదు, పంచుకోవడానికి మిగులు ఉండదు. అందుకే దాని లోటుకు విరాళమో, బిల్డరు వదిలివెళ్లిన మూలనిధో పరిష్కారంగా తోస్తుంది. మా సముదాయంలో కూడా మొదట వచ్చిన సూచన మూలనిధినుంచి తీసి లిఫ్టు బాగుచేయించడమే. గోర్వాలా కమిటీ పల్లెకు చెప్పిన వైద్యమే ఇక్కడ అపార్టుమెంటుకు వచ్చింది.

ఆ ఏడాది సమావేశంలో కోశాధికారి చివరకు వేరే పని చేశారు. మూడేళ్ల ఖర్చులు, నీటి ట్యాంకర్ల రసీదులతో సహా, తెలుగులో చదివి వినిపించారు. చదవడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. డీజిలు పద్దుమీద గొడవ జరిగింది, ఒక రసీదు దొరకలేదు, అది ఆయన తన జేబునుంచి కట్టారు. తరువాతి వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ, వాడుకున్నంత మేరకు లోటు ఎవరి వాటా ఎంతో ఇంటింటికీ రాసిమ్మని అడిగారు. చట్టంలోని నియమం ఆమెకు తెలిసి అడిగిన మాట కాదది. పక్షం రోజుల తరువాత బోర్డుమీది ఫ్లాట్ల సంఖ్యలు పదకొండునుంచి నాలుగుకు తగ్గాయి. ఆ నలుగురూ ఇంకా కట్టలేదు.